సైదావలి కూర్చిన వయసుల లెక్క

పరీక్షలు తేలికైపోయాయని ఊరూరా చెప్పుకు తిరిగినవాణ్ణి నేను. స్టాఫ్ రూములో చెప్పాను, చర్చి మెట్ల మీద చెప్పాను, రేపల్లె బండిలో పక్కన కూర్చున్నవాడికల్లా చెప్పాను. వినేవాడు దొరకాలే గానీ వదిలేవాణ్ణి కాదు. "మా రోజుల్లో" అని నేను గొంతు సవరించుకోగానే మా ఆవిడ రిబ్కా పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచిపోయేది. పొయ్యి వెలిగించి ఉండేది కాదు, అది వేరే సంగతి. ముప్పై రెండేళ్ళు లెక్కల మాస్టారుగా చేసినవాడికి ఆ మాత్రం నోరుండదా?

1997లో, నేను రిటైరవడానికి ఇంకా నాలుగు నెలలుందనగా, తెనాలిలో ఉపాధ్యాయులు ఒక సభ పెట్టారు. పరీక్షల స్థాయి పడిపోయిందా లేదా అన్నది విషయం. బర్నబాస్ గారు మాట్లాడాలి అని నాకు కబురొచ్చింది. ఇంకేం, మహా సంబరపడ్డాను. వట్టి మాటలు చెబితే ఎవడు నమ్ముతాడు, ఏడాదికొక ప్రశ్నపత్రం పట్టుకెళ్ళి, ఇదిగో ఇలా ఉండేది, ఇదిగో ఇలా తగలడింది అని చూపించి మరీ దులిపేద్దామనుకున్నాను. పాత ప్రశ్నపత్రాలు దాచిపెట్టే మనిషి నాకు తెలిసి ఒక్కడే. అతను సైదావలి. నేను చెప్పదలచుకున్నది అతని గురించే. పరీక్షల గోల మధ్యలో వస్తుంది, భరించండి.

సైదావలి తెనాలిలో వెంకటకృష్ణయ్య గారి ప్రెస్సులో కంపోజిటరు. అప్పట్లో అచ్చంటే సీసపు అక్షరాలు. గళ్ళ గళ్ళ చెక్క పెట్టెల్లోంచి ఒక్కో అక్షరాన్నీ వేళ్ళతో ఏరి, వరసగా పేర్చి, పేజీ కట్టాలి. పేర్చిన పేజీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. సైదావలి దాన్ని మనం పేపరు చదివినంత సులువుగా చదివేవాడు. పదో తరగతి లెక్కల్లో తప్పి, మార్చి పోయి సెప్టెంబరు కూడా పోయాక, పదిహేడో ఏట ఆ ప్రెస్సులో చేరాడు. లెక్కల్లో తప్పినవాడే లెక్కల కాగితం కూర్చడంలో జిల్లాలో మొనగాడయ్యాడు. భిన్నాలు, వర్గమూలాలు, జ్యామితి గుర్తులు మరొకడు ముట్టుకుంటే వంకరపోయేవి, అతను పేరిస్తే గీత గీసినట్టుండేవి.

ఆ రోజుల్లో ఏడో తరగతికి జిల్లా మొత్తానికీ ఒకటే పరీక్ష. అందులో తప్పితే పిల్లవాడు ఎనిమిదిలోకి పోవడానికి లేదు. మగపిల్లలైతే మళ్ళీ కూర్చునేవాళ్ళు. ఆడపిల్ల తప్పిందంటే, చాల్లే చదివిన చదువు అని ఇంట్లో కూర్చోబెట్టేసేవాళ్ళు. ఆ పరీక్ష కాగితాలు వెంకటకృష్ణయ్య గారి ప్రెస్సులో పడేవి. లెక్కల ప్రశ్నలు రాసి, ప్రూఫు చూసి, సంతకం పెట్టే పని నాది. రేపల్లె నుంచి మధ్యాహ్నం బండికి వచ్చి సాయంత్రం బండికి తిరిగి పోయేవాణ్ణి.

అక్కడొక కట్టుబాటు ఉండేది. ప్రెస్సులో పనిచేసేవాళ్ళ పిల్లలు ఆ ఏడు ఏడో తరగతి రాస్తుంటే, ఆ మనిషి కాగితం మీద చెయ్యి వేయకూడదు. 1983 జూన్‌లో సైదావలి కూతురు గౌస్ బీ ఏడులోకి వచ్చింది. నువ్వు తప్పుకుంటే లెక్కలు కూర్చేదెవరయ్యా అని వెంకటకృష్ణయ్య గారు నెత్తి పట్టుకున్నారు. సైదావలి రెండు రోజులు ఆలోచించి, కూతుర్ని రేపల్లెలో తన అక్క నాగూర్‌బీ ఇంటికి పంపేశాడు. ఏడాది పొడుగునా పిల్ల అక్కడే చదవాలి, తండ్రి అటువైపు తొంగిచూడకూడదు. అలాగైతే సరేనని వెంకటకృష్ణయ్య గారూ ఒప్పుకున్నారు. రేపు పిల్ల పాసైతే, అబ్బ కాగితం ముందే చూపించాడన్న మాట రాకూడదని అతని పట్టుదల. పన్నెండేళ్ళ పిల్లను కళ్ళముందు లేకుండా చేశావని భార్య గోల గోల చేసింది. అతను వినలేదు.

చూడకూడదన్నాడు గానీ ఉండబట్టేది కాదు. నేను తెనాలి వెళ్ళినప్పుడల్లా ఒక చిన్న టిఫిను డబ్బా నా చేతిలో పెట్టేవాడు. "మీరు వెళ్ళే దారేగా మాస్టారూ" అనేవాడు. నేను వెళ్ళే దారి కాదది, స్టేషను నుంచి అటు తిరిగి పోవాలి. అయినా పట్టుకెళ్ళి ఇచ్చేవాణ్ణి. గౌస్ బీ గుమ్మంలో కూర్చుని లెక్కలు చేసుకుంటూ ఉండేది. డబ్బా తీసుకుని, "మా అబ్బ ఇప్పుడేం కూరుస్తున్నారు సార్?" అని అడిగేది. చెప్పకూడదమ్మా అంటే నవ్వేది.

1984 ఫిబ్రవరిలో లెక్కల ప్రూఫు చూడటానికి వెళ్ళాను. కాగితం శుభ్రంగా ఉంది. ఎనిమిదో ప్రశ్న వయసుల లెక్క. తండ్రి వయసు కొడుకు వయసుకు ఆరు రెట్లు, ఇద్దరి వయసుల మొత్తం 49 సంవత్సరాలు, ఎవరి వయసెంత అని. కొడుకుకి ఏడు, తండ్రికి నలభై రెండు. నోటితో చెప్పేసే లెక్క. అది చూస్తుంటే నాకు గుమ్మంలో కూర్చున్న గౌస్ బీ గుర్తొచ్చింది. ఎప్పుడూ కొడుకేనా, ఈసారి కూతురని పెడదామయ్యా సైదావలీ, నీకూ బాగుంటుంది అన్నాను. అతను సిగ్గుపడ్డట్టు నవ్వి, ఆ లైను విప్పి, మార్చి, మళ్ళీ పేర్చాడు.

మార్చాక ఇంకో ప్రూఫు తీయాలి. అది పద్ధతి. అప్పటికి నా బండికి ఇరవై నిమిషాలే టైముంది. సైదావలి సిరా పూయబోతుంటే, ఒక్క మాట మారిస్తే కొంపలేం మునిగిపోవులేవయ్యా అని పాత ప్రూఫు మీదే సంతకం గీకేసి, టిఫిను డబ్బా చంకన పెట్టుకుని స్టేషనుకి పరుగెత్తాను. మంచి చెయ్యబోయానని ఇప్పటికీ అనుకుంటాను. ఆ రెండో ప్రూఫు చూసి ఉంటే అయిదు నిమిషాలు పట్టేది.

పరీక్ష రోజు మా బడి పిల్లలు బిక్కమొహాలు వేసుకుని బయటికొచ్చారు. ఎనిమిదో లెక్క రావడం లేదన్నారు. కాగితం లాక్కుని చూస్తే ఇద్దరి వయసుల మొత్తం 46 అని ఉంది. కూతురి వయసు ఆరు సంవత్సరాలు, పైన ఏడింట నాలుగు వంతులు. లోకంలో ఏ తండ్రీ కూతురి వయసు అలా చెప్పడు. లైను తిరిగి పేర్చేటప్పుడు 9 తలకిందులుగా పడింది. తలకిందులైన తొమ్మిది ఆరే కదా.

పరీక్షల వ్యవహారం చూసే బ్రహ్మానందం గారు సంజాయిషీ అడుగుతూ ఉత్తరం రాశారు. అచ్చుతప్పండీ, ఆ లెక్క ముట్టుకున్న పిల్లలందరికీ మార్కులు కలపండి అని ఒక్క ముక్క రాస్తే అక్కడితో అయిపోయేది. రాయలేదు. రాస్తే, ప్రూఫు చూడకుండా సంతకం పెట్టినవాడెవడు అని అడుగుతారు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. వయసులో భిన్నం రాకూడదని ఎక్కడుంది, ఏడో తరగతి స్థాయి పెంచాలనే అలా ఇచ్చాను అని రాసి పంపాను. ఆయన నమ్మి, జవాబుల కాగితంలో భిన్నాలనే సరైన జవాబుగా వేయించారు. భిన్నం రాసిన ఏ కొద్దిమందికో అయిదేసి మార్కులొచ్చాయి, మిగతావాళ్ళకి సున్నా. జిల్లాలో ఆ ఏడు పాసయిన వాళ్ళు తగ్గారు. జనం, అబ్బో 84 లెక్కల కాగితం, రాక్షసం అన్నారు. ఎవరిచ్చారంటే బర్నబాస్ గారు అన్నారు. ఆ పేరు పదమూడేళ్ళు పూలదండలాగా మెడలో వేసుకు తిరిగాను.

గౌస్ బీకి లెక్కల్లో ముప్పై ఒకటి వచ్చాయి. ముప్పై అయిదు రావాలి. తప్పింది.

మే నెలలో సైదావలి కూతుర్ని తీసుకుపోవడానికి రేపల్లె వచ్చి, ముందు మా ఇంటికొచ్చాడు. రిబ్కా మజ్జిగ ఇచ్చింది. గ్లాసు చేత్తో పట్టుకున్నాడు గానీ తాగలేదు. అచ్చయిపోయాక అక్షరాలు విప్పి గళ్ళలో వేస్తుంటే తల కిందైన తొమ్మిది చేతికి తగిలిందని, అచ్చు ఒంటి మీద ఏది పైవైపో తెలిపే గాడి ఉంటుంది కనుక వేలికి తెలిసిపోయిందని చెప్పాడు. అప్పటికే కాగితాలు సీలు పడి వెళ్ళిపోయాయి. తర్వాత కూతురి సంగతి చెప్పాడు. పిల్ల కాగితం అందగానే ఎనిమిదో లెక్కతోనే మొదలుపెట్టిందట. కూతురు అన్న మాట చూసి, అబ్బ నాకోసమే పెట్టారని మురిసిపోయిందట. భిన్నం వచ్చింది. అబ్బ కూర్చిన లెక్క తప్పుండదు, నేనే తప్పు చేశాను అనుకుని నాలుగు సార్లు చేసిందట. నాలుగు సార్లూ కొట్టేసింది. తల ఎత్తేసరికి పరీక్షలో గంటసేపు గడిచిపోయింది. ఇప్పుడు, నాకు లెక్కలు రావు, నేనిక బడికి పోను అని భీష్మించుకుని కూర్చుంది.

"ఒక్క మాట చెప్పనివ్వండి మాస్టారూ. లెక్కే తప్పని చెబితే మళ్ళీ బడికి పోతుందండి."

చెప్పుకోవయ్యా అంటే సరిపోయేది. నాలో ఉన్న పిరికిపంద లేచాడు.

"చెప్పు. పన్నెండేళ్ళ పిల్ల నోట్లో నువ్వుగింజ నానుతుందా? రేపీపాటికి ఊరంతా పాకుతుంది. నీ ఉద్యోగం పోతుంది, ప్రెస్సుకి పరీక్షల పని పోతుంది, నన్ను సస్పెండ్ చేస్తారు. ఆలోచించుకో."

అతను నేల చూస్తూ, "నానదండి" అన్నాడు. గ్లాసు అలాగే గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ మనిషి నేను మాస్టార్నన్న గౌరవంతో నోరు మూసుకున్నాడు. నేను ఆ గౌరవాన్ని అడ్డం పెట్టుకున్నాను. రిబ్కా రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

గౌస్ బీ మళ్ళీ బడి మొహం చూడలేదు. కుట్టుపని నేర్చుకుంది. పదిహేడో ఏట బాపట్ల సంబంధం కుదిరితే పెళ్ళి చేశారు. అక్కడ రైలుకట్ట దాటాక ఒక వీధిలో ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతోందని, ఇద్దరు పిల్లలని, సైదావలి నెలకోసారి మిఠాయి పొట్లం పట్టుకుని చూసొస్తాడని నాకు అప్పుడప్పుడూ తెలిసేది. నేను తెనాలి వెళ్ళేవాణ్ణి, ప్రూఫులు చూసేవాణ్ణి, ప్రతిసారీ రెండోది కూడా తీయించేవాణ్ణి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. సైదావలి ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

1997కి వద్దాం. ప్రెస్సులోకి కంప్యూటర్లు వచ్చాయి, సీసపు అక్షరాలు తూకానికి వెళ్ళిపోయాయి. సైదావలి చూపు మందగించి ఇంటి పట్టున ఉంటున్నాడు. నేను వెళ్ళి, సభ సంగతి చెప్పి, ఏమయ్యా, నీ చేతి మీదుగా ఇన్ని కాగితాలు పోయాయి, పరీక్షలు తేలికయ్యాయా లేదా నువ్వే చెప్పు అన్నాను.

"కష్టమో తేలికో నాకేం తెలుసండీ. మొదట్లో భిన్నాల అచ్చులు చాలేవి కాదు, మద్రాసు నుంచి తెప్పించేవాళ్ళం. బిట్లు వచ్చాక బ్రాకెట్లు చాల్లేదు. అదొక్కటే నాకు తెలిసిందండి."

చెక్క పెట్టెలోంచి దారం కట్టిన కట్ట తీసి నా ఒళ్ళో పెట్టాడు. ఏడాదికొకటి చొప్పున వరసగా ఉన్నాయి. 83 తర్వాత 85 ఉంది. ఏదయ్యా 84 అన్నాను. నాకు కావలసిందే అది, నా గొప్పంతా అందులోనే ఉందని అప్పటికీ అనుకుంటున్నాను చూడండి. సిగ్గులేని జన్మ.

"అది బాపట్లలో అమ్మాయి దగ్గరుందండి. పెళ్ళప్పుడు అడిగి పట్టుకుపోయింది. మీరే వెళ్ళి తెచ్చుకోండి మాస్టారూ" అన్నాడు. ఎందుకు పంపుతున్నాడో నాకప్పుడు తట్టలేదు. రైలెక్కి, పొన్నూరు దాటాక తట్టింది. తను పదమూడేళ్ళుగా చెప్పలేకపోయింది నా నోటితో చెప్పించాలని. నోరు మూయించినవాడే తెరవాలి కదా. దిగి వెనక్కి పోదామా అనిపించింది. పోలేదు.

గౌస్ బీ నన్ను చూడగానే గుర్తుపట్టింది. "డబ్బా మాస్టారు" అని పిల్లలకి చెప్పింది. కుర్చీ వేసి టీ పెట్టింది. కాగితం సంగతి చెబితే, జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకంలోంచి మడత విప్పి తెచ్చింది. మడతల దగ్గర చిరిగితే వెనక గుడ్డముక్క అంటించి ఉంది. అంచులనిండా పెన్సిలు లెక్కలు, అన్నీ ఒకటే లెక్క.

"ఈ ఎనిమిదోది ఒక్కసారి చేసి చూపిస్తారా సార్? ఎప్పుడన్నా తీరిగ్గా ఉన్నప్పుడు చేస్తుంటాను. ఎన్నిసార్లు చేసినా భిన్నమే వస్తుంది. నా బుర్ర ఇంతేలెండి."

మిషను మీద పెన్సిలు ఉంది. తీసుకున్నాను. 46 మీద అడ్డంగా గీత కొట్టి, పైన 49 అని రాశాను. నేను ఇంకేమీ చెప్పకముందే, పెన్సిలు తీయకముందే, ఆ అమ్మాయి, "ఏడు. నలభై రెండు" అంది.

గుడ్డముక్క అంటించిన చోట వేలితో నిమురుతూ కూర్చుంది. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. సంతకం సంగతి, బండి సంగతి, బ్రహ్మానందం గారికి రాసిన ఉత్తరం సంగతి. క్షమించమ్మా అన్నాను. నేను నా విద్యార్థి ముందు తల వంచుకోవడం అదే మొదలు, ఆమె నా విద్యార్థి కూడా కాదు.

"మా అబ్బకి తెలుసా సార్?"

అబద్ధం తడుముకోకుండా వచ్చింది. "తెలియదమ్మా. ఆయనకేం తెలియదు. తప్పంతా నాది" అన్నాను.

"ఆయనకి తెలియకుండా ఆ ప్రెస్సులో అక్షరం కదలదు సార్" అంది గౌస్ బీ. కోపంగా అనలేదు. లోపల పిల్లలు పోట్లాడుకుంటుంటే వెళ్ళి సర్ది వచ్చి, కాగితం మడిచి నాకిచ్చింది. గుమ్మం దాకా వచ్చి మళ్ళీ అంది. "నాకు తెలిసిందని ఆయనతో అనకండి. తెలిస్తే ఇంక ఈ గడప తొక్కరు. నెలకోసారి వస్తారు సార్, పిల్లలు ఎదురు చూస్తారు."

సాయంత్రం తెనాలిలో దిగేసరికి సైదావలి ప్లాట్‌ఫారం మీద బెంచీ అంచున కూర్చుని ఉన్నాడు. చూపు ఆనక, దిగినవాళ్ళందరి మొహాల్లోకీ వంగి చూస్తున్నాడు. నా గొంతు విని లేచాడు.

"ఇచ్చిందాండీ?"

"ఇచ్చింది."

"ఏమన్నా అడిగిందా?"

నా చేతిలో కాగితం ఉంది. ఆమె మాటా నా చేతిలోనే ఉంది. "ఏమీ అడగలేదయ్యా. కాగితం ఇచ్చింది, వచ్చేశాను" అన్నాను.

మీరేమన్నా చెప్పారా అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. "పోనీలెండి" అని, కాగితం తీసుకుని, చదవలేడు కనుక ఒకసారి చేత్తో తడిమాడు. వెనక అంటించిన గుడ్డ వేలికి తగిలి అక్కడే ఆగాడు. అమ్మాయి బాగా దాచుకుందండీ అని మళ్ళీ నాకిచ్చేశాడు.

నేను ఆ సభకి వెళ్ళలేదు. జ్వరమని కబురు పంపాను. పరీక్షలు తేలికయ్యాయా అని ఇప్పుడెవరన్నా అడిగితే, రిబ్కాలాగే నాకూ పొయ్యి గుర్తొస్తుంది.

సైదావలి 1999లో పోయాడు. అంతదాకా నెలనెలా బాపట్ల వెళ్ళాడు. చెప్పాలని వెళ్ళేవాడట, చెప్పకుండానే తిరిగొచ్చేవాడట, అతని భార్య తర్వాత అంది. అక్కడ కూతురు ప్రతిసారీ టీ ఇచ్చి, అబ్బ ఏమన్నా చెబుతారా అని ఎదురు చూసి, ఏమీ తెలియనట్టే సాగనంపేది. ఇద్దరికీ తెలుసు. ఇద్దరికీ తెలుసని ఖాయంగా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అటు తండ్రి నోరూ ఇటు నా నోరూ కట్టేసిన ముడి మొదట వేసింది కూడా నేనే.